రసాయనశాస్త్రజ్ఞుని కృషికి కొలత యేది?

నేడు మన దేశమున ఒక రసాయనశాస్త్రాధ్యాపకుడు పదోన్నతికి దరఖాస్తు పెట్టుకొనునపుడు, ప్రయోగశాలలో తాను కనుగొన్నదేమో వివరించుటకు పూర్వమే, తాను ప్రకటించిన పరిశోధన పత్రములెన్నియో, అవి ఏయే పత్రికలలో వెలువడినవో, వానిని ఇతరులు ఎన్ని మారులు ఉల్లేఖించిరో, తన హెచ్-సూచిక యెంతయో వరుసగా గడులలో నింపవలసి యున్నది. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయమునకును, విజయనగరములోని గురజాడ సాంకేతిక విశ్వవిద్యాలయమునకును, శ్రీకాకుళ, విజయనగర జిల్లాలలోని ఇంజనీరింగు, డిగ్రీ కళాశాలలకును ఈ అంకెల పాలన సమానమే. లోకమునందలి ఉత్తమ శాస్త్రజ్ఞులలో నూటికి ఇద్దరిని ఏరితిమని చెప్పుకొను జాబితా యేటేటా వెలువడగనే జిల్లా పత్రికలు తమ ప్రాంతపు పేర్లను వెదకి ప్రకటించుట ఆచారమైనది. ఈ అంకెలు ఎట్లు పుట్టినవి, అవి చెప్పగలిగిన దెంత, చెప్పజాలనిదెంత, ఉత్తరాంధ్ర తీరముతో సంబంధము గల రసాయనశాస్త్ర చరిత్ర వానిని ఎంతవరకు సమర్థించుచున్నది అను ప్రశ్నలను ఒక్కచోట చేర్చి పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఉల్లేఖనములను లెక్కించు విద్యకు మూలపురుషుడు అమెరికాదేశీయుడైన యూజీన్ గార్ఫీల్డు. ఆయన తొలుత చదివినదియు రసాయనశాస్త్రమే. 1955లో 'సైన్స్' పత్రికలో తన ఊహను ప్రకటించి, 1964 నాటికి 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' అను బృహత్సూచిని ఆయన వెలువరించెను. ఒక పాత పత్రమును చేతబట్టుకొని, తరువాతివారిలో దానిని ఎవరెవరు వాడుకొనిరో, ఎవరు సవరించిరో, ఎవరు ఖండించిరో కనుగొనుటకు తోడ్పడుటయే దాని ప్రథమోద్దేశము. అది గ్రంథాలయమున వెదకువానికి దారిచూపు సాధనమే గాని ఉద్యోగార్థులకు మార్కులు వేయు సాధనము కాదు. గత రెండేండ్లలో ఒక పత్రిక ప్రకటించిన వ్యాసములు ఈ యేడు సగటున ఎన్నిమారులు ఉల్లేఖింపబడెనో తెలుపు 'ఇంపాక్ట్ ఫాక్టర్' సైతము ఏ పత్రికలను సూచిలో చేర్చుకొనవలెనో నిర్ణయించుటకు పుట్టినదే. 2005లో జార్జి హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు హెచ్-సూచికను ప్రతిపాదించుటతో ఈ లెక్క పత్రికను విడిచి నేరుగా మనుష్యుని మీదికి వచ్చెను. ఒకడు వ్రాసిన పత్రములలో ఇరువది పత్రములు ఒక్కొక్కటి ఇరువదికి తక్కువ గాకుండ ఉల్లేఖనములు పొందినచో, ఇరువదియొకటవ దానికి ఆ యోగ్యత లేకున్నచో, వాని సూచిక 20. ఈ గణితములోని వింత వెంటనే తెలియును: ఐదే పత్రములు వ్రాసి ఒక్కొక్కదానికి పదివేల ఉల్లేఖనములు పొందినవాని సూచిక 5, ముప్పది పత్రములు వ్రాసి ఒక్కొక్కదానికి ముప్పదేసి పొందినవాని సూచిక 30.

ఇట్లని ఈ లెక్కలను తృణీకరించుట న్యాయము కాదు. అంకెలు రాకముందు మన విద్యాసంస్థలలో పదవులు యోగ్యతనే అనుసరించి లభించెనని ఎవరును ప్రమాణము చేయజాలరు. వయస్సు, బంధుత్వము, కులము, సిఫారసు, పెద్దల ప్రాపకము ఆనాడు చేసిన పనిలో కొంతనైనను ఈనాడు ఒక బాహ్యసాక్ష్యము అడ్డగించుచున్నది. పార్వతీపురములోనో పలాసలోనో పనిచేయు అధ్యాపకుని పత్రమును, ఆయన ముఖమెరుగని జపానుదేశీయుడొకడు చదివి, తన పనికి ఆధారముగా చూపినచో, ఆ గౌరవము ఏ స్థానిక ప్రభువును ఇచ్చినది కాదు, ఏ స్థానిక ప్రభువును తీసివేయగలిగినదియు కాదు. కావున విచారింపవలసినది అంకె యుండవలెనా వలదా యనుట కాదు, దాని అధికారమునకు హద్దు ఎక్కడ అనుట.

ఈ ప్రశ్నకు తెలుగువారి చరిత్రలో యల్లాప్రగడ సుబ్బారావు జీవితమును మించిన పరీక్ష లేదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1922లో బోస్టను చేరిన ఆయన, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ'లో ఫాస్ఫరసును వర్ణమునుబట్టి కొలుచు విధానమును ప్రకటించెను. రక్తములోని ఫాస్ఫేటు ఆమ్లమాధ్యమమున మాలిబ్డేటుతో కూడును. ఆ సంయోగపదార్థమును అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లముతో క్షయకరణ మొనర్చగా నీలవర్ణము పుట్టును. ఆ నీలిమ యెంత గాఢమో ఫాస్ఫరసు అంత అధికము. ఇంత సులభమైన, ఇంత నమ్మదగిన పరీక్ష దొరకుటచే జీవరసాయనశాస్త్రమున పనిచేయు ప్రతి ప్రయోగశాలయు దానిని చేపట్టెను. పిదప అర్ధశతాబ్దికి గార్ఫీల్డు అత్యధికముగ ఉల్లేఖింపబడిన పత్రముల జాబితాలను కూర్చినపుడు, 1925 నాటి ఈ వ్యాసము వానిలో స్థానము పొందియే యుండెను.

అయితే సుబ్బారావు కీర్తికి అర్హుడైనది కేవలము ఈ కొలత వలననా? ఆ విధానము చేతనుండుట వలననే ఫిస్కే, సుబ్బారావులు 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కనుగొనగలిగిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు మొదటిదానిని, జర్మనీలో లోమన్ రెండవదానిని స్వతంత్రముగా కనుగొనిరి. కండరమునకు శక్తి ఎట్లు లభించునను ప్రశ్నకు, 1922లో నోబెల్ బహుమానము పొందిన లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతము చెప్పిన సమాధానమును మార్చివేసిన ఆవిష్కరణములివి. ఐనను ఉల్లేఖనముల లెక్కలో కొలత నేర్పిన పత్రము ముందు ప్రాణశక్తి రహస్యమును విప్పిన పత్రములు చిన్నబోవును. ఇది సుబ్బారావునకు మాత్రమే పట్టిన గతి కాదు. 2014లో 'నేచర్' పత్రిక సకల శాస్త్రములలో అత్యధికముగ ఉల్లేఖింపబడిన నూరు పత్రములను పరిశీలించినపుడు, ప్రథమస్థానము మూడు లక్షలకు పైగా ఉల్లేఖనములతో ప్రోటీనును కొలుచుటకు లౌరీ 1951లో చూపిన విధానమునకు దక్కెను, డి.ఎన్.ఎ. నిర్మాణమును తెలిపిన వాట్సన్, క్రిక్‌ల పత్రము ఆ నూటిలోనే లేదు. పదుగురు వాడు పనిముట్టునకు ఉల్లేఖనము దొరకును. పదుగురి ఆలోచనను మార్చిన సత్యము పాఠ్యగ్రంథమున కలిసిపోయి, పిదప ఎవరును దాని కర్త పేరు చెప్పనక్కరలేని దశకు చేరును.

సుబ్బారావు విషయమున మరియొక లోపము కలదు. గార్ఫీల్డు సూచి తొలినాళ్లలో ఉల్లేఖనములను మొదటి రచయిత పేరిటనే చేర్చెడిది. 'ఫిస్కే, సుబ్బారావు' అని వెలువడిన పత్రము ఫిస్కే క్రిందనే కనబడును. సుబ్బారావు పేరు తెరచి చూచువానికి అది కనబడదు. హార్వర్డున శాశ్వతపదవి లభింపక, 1940లో ఆయన లెడర్లే ఔషధసంస్థలో చేరి పరిశోధన నిర్వహణ చేపట్టిన తరువాత ఈ అదృశ్యత ఇంకను పెరిగెను. ఫోలిక్ ఆమ్లపు నిర్మాణమును, సంశ్లేషణమును తెలుపుచు 1946లో 'సైన్స్' పత్రికలో వెలువడిన వ్యాసమున పదునారుగురు రచయితలలో ఆయనది ఏడవ పేరు. ఆ ఆమ్లమునకు ప్రతిరోధకముగా తయారైన అమినోప్టెరినును 1947లో ప్రకటించిన పత్రమున ఆయన పేరే లేదు. ఆ మందును ఇచ్చి రక్తపు క్యాన్సరుతో మరణించుచున్న పసిబిడ్డలకు తాత్కాలికముగనైనను స్వస్థత కలిగించితినని 1948 జూనులో సిడ్నీ ఫార్బరు ప్రకటించిన చరిత్రాత్మక వ్యాసపు రచయితలలోను లేదు. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు మరణించెను. పరిశోధకులకు దిశానిర్దేశము చేసి, పదార్థములను సమకూర్చి, పేరు నితరులకు విడిచిన వానిని నేటి యే సూచికయు గుర్తింపజాలదు.

శ్రీకాకుళ, విజయనగర ప్రజలకు సుబ్బారావు పని పత్రములుగా గాక, ఒక మాత్రగా పరిచయము. 1947లో హెవిట్ మొదలైనవారు సుబ్బారావుతో కలిసి ప్రకటించిన పత్రము డైఇథైల్ కార్బమజైను అను పదార్థము ఫైలేరియా క్రిములపై పనిచేయునని జంతువులయందు నిరూపించెను. బోదకాలు తరతరములుగ బాధించిన ఈ తీరప్రాంతమున, 2004 నుండి దేశవ్యాప్తముగా సాగిన సామూహిక ఔషధవితరణలో ఈ జిల్లాలవారు డీఈసీ యని పిలిచి మ్రింగినది ఆ మందే. దానిని పంచిన ఆరోగ్య కార్యకర్త గాని, మ్రింగిన రైతు గాని ఏ పత్రమును ఉల్లేఖింపలేదు. అట్లే శ్రీకాకుళ జిల్లాలోని ఉద్దానమున మూత్రపిండముల వ్యాధిగ్రస్తుల రక్తములో ఫాస్ఫరసు ఎంత యున్నదో చూచు పరీక్షలకును మూలము ఫాస్ఫేటునకు మాలిబ్డేటునకు గల ఆ సంయోగమే. యంత్రములు మారినవి, కారకములు మారినవి, నివేదికపై ఫిస్కే సుబ్బారావుల పేర్లు మాసిపోయినవి, రసాయనధర్మము మాత్రము మారలేదు. ఉల్లేఖనము పండితుడు పండితునికి చెల్లించు ఋణమును కొలుచును. ప్రజలు పండితునికి పడిన ఋణమును కొలుచు గడి ఏ దరఖాస్తునందును లేదు.

ఇక మన సమీపమునకు వత్తము. 1926లో స్థాపింపబడి, 1930లో బెజవాడనుండి వాల్తేరునకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయమే దీర్ఘకాలము ఉత్తరాంధ్ర విద్యార్థులకు ఉన్నత విజ్ఞానద్వారము. జయపురపు మహారాజు విక్రమదేవవర్మ యొసగిన మహాదానముతో దాని విజ్ఞాన కళాశాల వర్ధిల్లెను. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు దాని ఉపకులపతిగా నున్న దినములలో రసాయనశాఖ బాధ్యతను స్వీకరించిన తిరువెంకట రాజేంద్ర శేషాద్రి, మాంచెస్టరులో రాబర్టు రాబిన్సను శిష్యుడు. ఖరీదైన పరికరములు లేని కొత్త ప్రయోగశాలలో కూర్చుండి, పరదేశపు ప్రశ్నలకు అనుబంధములు వ్రాయుటకు బదులు, చుట్టునున్న చెట్లను చూచి ప్రశ్నలను ఏర్పరచుకొనుట ఆయన ఘనత. కానుగ గింజలలోని కరంజినును, ప్రత్తిపూవుల, గోగుపూవుల రంగులను, చెట్ల బెరళ్లపై పెరుగు లైకెనులను ఆయన శిష్యబృందము విశ్లేషించెను.

ఈ గోగు ఉత్తరాంధ్ర తీరమునకు పరాయిది కాదు. భీమునిపట్నపు రేవు పేరిట ప్రపంచవాణిజ్యమున 'బిమ్లిపటం జ్యూట్' అని ప్రసిద్ధి కెక్కినదియు, నెల్లిమర్ల నారమిల్లును పోషించినదియు, ఆమదాలవలస పరిశోధనస్థానము పెంచి చూచినదియు ఆ గోగునారయే. నార తీసి పారవేయు మొక్క పూవులలో ఏ వర్ణపదార్థము లున్నవో సూర్యప్రకాశరావు, శేషాద్రులు 1940ల తొలిభాగమున శోధించిరి. గోసిపెటిను కంటె హైబిసెటినునకు ఒక హైడ్రాక్సిలు సమూహము అధికమని, ఇట్టి సంబంధముల క్రమమునుబట్టి మొక్క తన రంగులను ఒకదానినుండి యొకటిగా నిర్మించుకొను మార్గమును ఊహింపవచ్చునని శేషాద్రి వాదించెను. ఆ ఊహకు సరిపోవు ఆక్సీకరణమును పొటాషియం పెర్‌సల్ఫేటుతో గాజుపాత్రలో జరిపి చూపెను. రెండవ ప్రపంచయుద్ధమున వాల్తేరు భవనములు సైన్యమున కీయవలసి వచ్చి విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలినపుడు సైతము ఆ పత్రముల ధార ఆగలేదు. 1949లో ఆయన ఢిల్లీకి వెడలెను. 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందెను.

శేషాద్రి పత్రములు వేయిని మించినవి. నేటి కన్నుతో చూచువాడు వానిలో అనేకము ఒకే శీర్షిక క్రింద ఒకటవ భాగము, రెండవ భాగము అని సాగుటను గమనించి, ఒక పనిని ముక్కలుగా కోసి లెక్క పెంచినాడేమో యని శంకింపవచ్చును. ఆ శంక కాలమును మరచుట వలన కలుగును. అప్పటికి పత్రముల సంఖ్యనుబట్టి జీతము పెంచు నియమము లేదు. ఒక మొక్కనుండి మరియొక మొక్కకు, ఒక అణువునుండి దాని సోదరాణువునకు సాగిన దీర్ఘయాత్రలో ఒక్కొక్క మజిలీని ఒక్కొక్క శిష్యుని పేరితో నమోదు చేయుటయే ఆ భాగముల అర్థము. అంతకంటె విశేషము, ఆ తొలి పత్రములలో పెక్కు, రామన్ 1934లో బెంగుళూరున స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి 'ప్రొసీడింగ్స్'లో వెలువడుట. స్వదేశీయమైన ఉన్నత పత్రిక నిలువవలెనన్నచో స్వదేశీయులు తమ ఉత్తమకృషిని దానికే యీయవలెనని ఆ తరము నమ్మెను. నేటి గణనమున అట్టి త్యాగమునకు దక్కునది తక్కువ మార్కులే.

అదే శాఖలో గొల్లమూడి గోపాలరావు నడిపిన విశ్లేషణ రసాయనశాఖ వేరొక పాఠమును నేర్పును. అలహాబాదున నీలరతన ధర్ వద్ద పనిచేసి, నేలలో అమ్మోనియా సూర్యకాంతివలన నైట్రేటుగా మారు విధమును శోధించిన గోపాలరావు, వాల్తేరున వనేడియం లవణములతో ఆక్సీకరణ క్షయకరణ అంశమాపనములను, వానికి తగిన కాకోథెలిన్ వంటి సూచకములను వికసింపజేసెను. ఆ పత్రములు జర్మను, ఆంగ్లేయ విశ్లేషణ పత్రికలలో గౌరవముతో ప్రకటింపబడెను. గరివిడి, గర్భాం, కోడూరు గనుల మాంగనీసు ఓడలకెక్కిన విజయనగర ప్రాంతమున ఖనిజములోని లోహమెంతయో నిర్ణయించుట నిత్యావసరమైన పని యని వేరుగ చెప్పనక్కరలేదు. అయినను బ్యూరెట్టుతో చేయు అంశమాపనమునకు యంత్రములు ప్రత్యామ్నాయముగా వచ్చిన పిదప ఆ పత్రములను ఉల్లేఖించువారు తగ్గిరి. ఒక శాస్త్రశాఖ ఉల్లేఖనములు దానియందు పనిచేయువారి సంఖ్యనుబట్టి, కాలపు రుచినిబట్టి పెరుగును, తరుగును. జీవరసాయనశాస్త్రమునకును విశ్లేషణ రసాయనశాస్త్రమునకును ఒకే హెచ్-సూచికతో తీర్పు చెప్పుట, కుంచముతో ధాన్యమును కొలిచి అందులో ఏది విత్తనమునకు పనికివచ్చునో చెప్పుట వంటిది.

గత పదునైదేండ్ల స్థితి చూతము. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రవేశపెట్టిన అంకముల పద్ధతి, ప్రతి పత్రమునకు ఇన్ని మార్కులని వెల కట్టెను. వెల కట్టిన సరకునకు అంగడి పుట్టుట సహజము. రుసుము తీసికొని, పరిశీలన లేకయే, వచ్చినదెల్ల అచ్చువేయు పత్రికలు దేశమున పెచ్చు పెరిగినవి. హైదరాబాదు కేంద్రముగా వందలకొలది పత్రికలను నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వ్యాజ్యము వేయగా, 2019లో అచ్చటి న్యాయస్థానము ఆ సంస్థ రచయితలను మోసగించెనని నిర్ణయించి ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలసినదని తీర్పు చెప్పెను. ఈ వరదకు ఆనకట్టగా 2019లో నిధుల సంఘము 'కేర్' అను పత్రికల జాబితాను నెలకొల్పెను. 2025లో దానిని ఉపసంహరించి, పత్రికల మంచిచెడ్డలను నిర్ణయించు భారమును విద్యాసంస్థలకే విడిచెను. డాక్టరేటు పట్టమునకు ముందే పత్రము ప్రకటింపవలెనను నిర్బంధమును 2022 నాటి నియమములలోనే తొలగించిరి. అయినను నాక్ అను గుర్తింపుసంస్థ తనిఖీలలోను, 2016 నుండి వెలువడుచున్న జాతీయ ర్యాంకులలోను పత్రముల సంఖ్య, ఉల్లేఖనముల సంఖ్య ప్రధానస్థానములలోనే యున్నవి. నియమము ఒక ద్వారమున వెడలి, మరియొక ద్వారమున ప్రవేశించినది.

మొదట పేర్కొన్న, స్టాన్‌ఫర్డువారిదిగా మన పత్రికలు చెప్పు నూటికి ఇద్దరి జాబితాను గూర్చి ఒక మాట. జాన్ అయోనిడిస్ మొదలైనవారు కూర్చిన ఆ గణనము మొత్తము ఉల్లేఖనములను మాత్రమే లెక్కింపక, స్వోల్లేఖనములను వేరుపరచి చూపుచున్నది. రచయితలలో మొదటివాడో, చివరివాడో, ఒంటరివాడో గమనించుచున్నది. జీవితకాలపు కృషికిని, ఒక్క యేటి కృషికిని రెండు పట్టికల నిచ్చుచున్నది. కావున కొలమానములలో అది జాగ్రత్త గలది. దోషము దానిని చదువు పద్ధతిలో నున్నది: ఒక్క యేటి పట్టికలో చేరుటను జీవితసాఫల్యముగా కీర్తించుట, పేరు లేనివాడు నిష్ప్రయోజకుడని భావించుట, ఆ జాబితాకర్తలు చెప్పని మాటలు. పరిశోధకుని విలువను పత్రిక ఇంపాక్ట్ ఫాక్టరుతో నిర్ణయింపరాదని 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటనమును, అంకెలు పండితుల పరిశీలనకు తోడుగా నుండవలెనే గాని స్థానమాక్రమింపరాదని 2015 నాటి లైడెన్ ప్రకటనమును స్పష్టముగనే చెప్పియున్నవి.

ఈ వ్యవస్థ వలన ఎక్కువ నష్టపడునవి స్థానిక ప్రశ్నలు. ఉద్దానమునకు చెందిన కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధికి కారణము నేలలో నున్నదో, నీటిలో నున్నదో, జీవనవిధానమున నున్నదో శాస్త్రము ఇంతవరకు నిశ్చయింపలేదు. ఆ నీటిని ఋతువు ఋతువునకు పరీక్షించి, ఏ పదార్థము కారణము కాదో ఒక్కొక్కటిగా తొలగించుచు పదేండ్లు పనిచేయు అధ్యాపకునికి రెండు మూడు పత్రములు మాత్రమే దక్కవచ్చును. కాదని తేల్చిన పత్రమును ఉల్లేఖించువారును అరుదు. అదే కాలమున అందరును మూగియున్న నానోపదార్థముల విషయమై ముప్పది పత్రములు వ్రాసినవాడు పదోన్నతి పొందును. రెండవవాని పని వ్యర్థమని నా యభిప్రాయము కాదు. మొదటివానిని దండించు లెక్క ఈ జిల్లాలకు హానికరమని మాత్రమే చెప్పుచున్నాను.

ఈ పరిశీలనమువలన తేలిన నిర్ణయమిది. ఉల్లేఖనముల సంఖ్య ఒక పత్రము వాడుకలోనికి వచ్చెనా యను ప్రశ్నకు యోగ్యమైన సమాధానము. అది సత్యమా, నూతనమా, ప్రయోజనకరమా, అందులో ఎవని పాలెంత యను ప్రశ్నలకు కాదు. సుబ్బారావు ఉల్లేఖనములలో ఎక్కువభాగము ఆయన మహత్తర ఆవిష్కరణమునకు చెందినవి కావు. శేషాద్రి వేయి పత్రములలో విలువ సంఖ్యలో లేక, అవి నిర్మించిన పరిశోధక సంప్రదాయములో నున్నది. గోపాలరావు పత్రముల ఉల్లేఖనములు తగ్గినంత మాత్రమున వాని సత్యము తగ్గలేదు.

కావున మన రెండు జిల్లాల విద్యాసంస్థల అధికారులకు ఒక విన్నపము. పదోన్నతి దరఖాస్తున పత్రముల సంఖ్యకు బదులు, అభ్యర్థి తనకు శ్రేష్ఠములని తోచిన ఐదు పత్రములను మాత్రమే కోరుడు; ఒక్కొక్కదానిలో తన వంతు ఏమో, దానివలన ఏమి తెలిసినదో తెలుగుననో ఆంగ్లముననో అరపుటలో వ్రాయమనుడు; వెలుపలి విశ్వవిద్యాలయమునుండి ఆ విషయము నెరిగిన ఇద్దరిని పిలిచి వానిని ఆసాంతము చదివింపుడు; ఈ ప్రాంతపు నేల, నీరు, ఖనిజము, పంట, రోగములపై చేసిన కృషికి ప్రత్యేకమైన గడి నొకటి చేర్చుడు. అంకెలను చివరి పుటలో ఉంచుడు. చదివి తీర్పు చెప్పు ఈ పద్ధతిని తమ శాఖలలో ప్రారంభించుటకు కాలమును, ఓర్పును వెచ్చింపవలసి యుండును గాని, ఢిల్లీనుండి క్రొత్త ఉత్తరువు రావలసిన పని లేదు.